ఆగమన్న చెయ్యి

మా నాన్న నాలుగు నెలల పాటు నన్ను తన మంచం దగ్గరికి రానివ్వలేదు. ఆయనను చూసుకునే ఆయాను రానిచ్చేవాడు. మా ఆయనను రానిచ్చేవాడు. నీళ్ల క్యాను తెచ్చే మనిషి గదిలోంచి నడిచి వంటింట్లోకి వెళ్లినా పట్టించుకునేవాడు కాదు. నేను కంచం పట్టుకుని గడప దాటితే మాత్రం ఎడమచెయ్యి చాచి, అరచెయ్యి నావైపు తిప్పి నిలబెట్టేవాడు. ఆ వెంటనే కుడిచేతి చూపుడువేలు ఒక్కటి పైకెత్తేవాడు. ఆ చెయ్యి ఆగమంటోందని అర్థమయ్యేది. ఆ వేలు ఏమంటోందో అర్థమయ్యేది కాదు. ఇంటికి వచ్చేపోయే వాళ్లందరూ పనికొచ్చి కన్నకూతురు ఒక్కతే పనికిరాకుండా పోయిందా అని నాకు ఒళ్లు మండేది.

నాకు కోపం ఎక్కువ. ఇందులో దాచడానికేమీ లేదు, నరసరావుపేటలో మా బడి పిల్లల్లో ఎవర్నడిగినా చెబుతారు. లెక్కల టీచరుకి ఆ మాత్రం కోపం ఉండాలని నన్ను నేను సమర్థించుకుంటూ పాతికేళ్లు గడిపేశాను. అదే కోపాన్ని ఇంటికి తెచ్చి చెవులు వినపడని మనిషి మీద చూపించాను. ఆ సంగతి కూడా చెప్పకపోతే ఇది రాయడం దండగ.

మా నాన్న రొంపిచెర్ల దగ్గర కంకర క్వారీలో పనిచేశాడు. మొదట కంప్రెసర్ మీద రాతికి బెజ్జాలు కొట్టేవాడు. తర్వాత ఆ బెజ్జాల్లో మందు కూరి ఒత్తులు అంటించే పనికి మారాడు. చెవుల్లో పెట్టుకోవడానికి ఆ రోజుల్లో వాళ్లకి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. తలగుడ్డను కాస్త కిందికి లాగి చెవుల మీదుగా కట్టుకునేవాళ్లు, అంతే. నలభై దాటేసరికి చెవుల్లో కీచురాళ్లు అరుస్తున్నాయని అనేవాడు. యాభై దాటాక అవి కూడా వినపడటం లేదన్నాడు. క్వారీ మనిషికి చెవులు పోవడం, చేతులు కాయలు కాయడం మామూలే అని మేమందరం ఊరుకున్నాం.

మా అమ్మ బతికున్నన్నాళ్లూ ఆయన చెవుడు మాకు సగమే తెలిసింది. పెళ్లికి వెళ్లినా, పరామర్శకి వెళ్లినా అమ్మ ఆయన పక్కనే కూర్చునేది. నవ్వాల్సిన చోట ఆయన మోకాలి మీద ఒకసారి తట్టేది, తలూపాల్సిన చోట రెండుసార్లు తట్టేది. ఈ వయసులో కూడా మొగుణ్ణి వదిలిపెట్టదని చుట్టాలు ఆమెను ఆటపట్టించేవాళ్లు. అమ్మ నవ్వి ఊరుకునేది తప్ప అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆమె పోయిన నెలకి నాన్నను మా ఇంటికి తీసుకొచ్చాను. ఆయనతో పాటు ఎంత చెవుడు వచ్చిందో అప్పుడు తెలిసింది.

పిలిస్తే పలికేవాడు కాదు. టీవీ పెడితే వీధి చివరికి వినపడేది. ఫోను చెవికి తిప్పి పెట్టుకుని "ఆఁ, ఆఁ, సరే, ఉంటా మరి" అని తనకు తోచినప్పుడు పెట్టేసేవాడు. నేనూ మా ఆయనా ఏదైనా మాట్లాడుకుంటే మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసేవాడు.

"నా గురించేనా?" అని అడిగేవాడు.

"నీ గురించి కాదు నాన్నా, గ్యాస్ సంగతి."

"ఏంది?"

"గ్యాస్, గ్యాస్ సిలిండర్."

"ఏందే?"

"ఏం లేదులే."

ఈ 'ఏం లేదులే' అన్న మాట నేను రోజుకు ఎన్నిసార్లు అన్నానో ఆ దేవుడికే తెలియాలి. బడిలో అరిచి అరిచి ఇంటికొచ్చాక మళ్లీ గొంతు చించుకోవడానికి నాకు ఓపిక ఉండేది కాదు. ఒకరోజు నోరు జారాను. "నీకు చెప్పేకంటే ఆ గోడకి చెప్పడం నయం" అన్నాను. వినపడదుగా అన్న ధైర్యంతోనే అన్నాను. ఆయన నా మొహం చూశాడు. మాట వినపడకపోయినా మొహం కనపడుతుందిగా. ఆ రోజు నుంచి 'ఏంది' అని అడగడం మానేశాడు. సాయంత్రం అరుగు మీదికి రావడం మానేశాడు, టీవీ పెట్టమనడం మానేశాడు. ఇల్లు ప్రశాంతంగా అయిందని నేను సంతోషించాను. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజంగానే సంతోషించాను.

ఏడాది తర్వాత చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ముందే వెళ్లాల్సింది. పరీక్షలు, పేపర్లు దిద్దడం, ఎండలు అని వాయిదా వేస్తూ వచ్చాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినపడితే చెయ్యి ఎత్తమన్నారు. బయట నుంచి చూస్తున్నాను. ఆ అమ్మాయి మీటలు నొక్కుతూనే ఉంది. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని చాలా శ్రద్ధగా, పిలుపు కోసం ఎదురుచూస్తున్నట్టు కూర్చున్నాడు. చెయ్యి ఎత్తినవి మూడో నాలుగో.

చెవికి పెట్టుకునే మిషన్ ఇచ్చారు. పెట్టిన రోజు ఫ్యాను శబ్దం, గిన్నెల శబ్దం, వీధిలో ఆటోల హారన్లు అన్నీ ఒకేసారి ఆయన తలలోకి వచ్చి పడ్డట్టున్నాయి. రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. "కంప్రెసర్ ఆపండ్రా" అన్నాడు. రోజుకు కాసేపు పెడుతూ అలవాటు చెయ్యాలని డాక్టరు చెప్పాడు. పది రోజులు ప్రయత్నించాను. పదకొండో రోజు ఆయన దాన్ని తీసి, బట్టల పెట్టెలో అమ్మ చీర మడతల్లో పెట్టేశాడు. నేను కూడా పోనీలే అనుకున్నాను. మొండితనం ఆయనదే అని అందరికీ చెప్పాను. నా చేతకానితనం ఎవరికీ చెప్పలేదు.

మరుపు ఎప్పుడు మొదలైందో చెప్పలేను. చెప్పులు మార్చి వేసుకున్నా, అన్నం తిని మళ్లీ తినలేదన్నా వినపడక గందరగోళం అనుకున్నాం. ఒకరోజు ఆటో స్టాండులో నిలబడి క్వారీకి తీసుకెళ్లమని అడుగుతుంటే తెలిసిన వాళ్లు ఇంటికి తెచ్చారు. ఆ క్వారీ మూతపడి ఎన్నో ఏళ్లయింది. ఆ తర్వాత మంచం మీద కూర్చుని చేతులు గాలిలో తిప్పడం మొదలుపెట్టాడు. వేళ్లు ముడిచేవాడు, తెరిచేవాడు, చూపుడువేలు సున్నా చుట్టినట్టు తిప్పేవాడు, పిడికిలి తలమీద పెట్టుకునేవాడు. నాన్నకు పిచ్చి ఎక్కిందనుకున్నాను.

గుంటూరులో పెద్ద డాక్టరుకు చూపించాం. మరుపు పరీక్ష అని కొన్ని ప్రశ్నలు అడిగాడు. ఈ రోజు ఏ వారం, మీరెక్కడున్నారు, నేను చెప్పే మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. నాన్న అన్నింటికీ మర్యాదగా తలూపాడు. రాసి చూపిద్దామంటే ఆయనకు సంతకం తప్ప చదవడం రాదు. నేను ఆయన చెవిలో అరిచి ప్రశ్న చెప్పబోతే, ఆయన నా మొహం చూసి నేను కోప్పడుతున్నాననుకుని ముడుచుకుపోయాడు. డాక్టరు కలం కింద పెట్టేశాడు.

"ఇందులో చెవుడు ఎంత, మరుపు ఎంత అని విడదీసి చెప్పడం కష్టమమ్మా. రెండూ ఉన్నాయి. చెవుడే దీనికి కారణం అనను. కానీ వినపడని మనిషి ఒంటరివాడైపోతాడు, మెదడుకి పని తగ్గిపోతుంది. నాలుగైదేళ్ల ముందే వచ్చి ఉంటే బాగుండేది."

నాలుగైదేళ్ల ముందు అమ్మ ఉంది. ఆయన మోకాలి మీద తడుతూ ఉంది. మాత్రలు రాసిచ్చాడు. అవి వేస్తే చేతులు ఆడటం తగ్గింది కానీ మనిషి రోజంతా మగతగా పడుకునేవాడు. నెల చూసి డాక్టరునే అడిగి తగ్గించాం. చేతులు మళ్లీ మొదలయ్యాయి. దాంతో పాటే ఈ ఆగమన్న చెయ్యి, ఒక్క వేలు వచ్చాయి. అదీ నాకొక్కదానికే.

మొదట్లో నేను లెక్కచేయలేదు. చెయ్యి ఎత్తినా సరే దగ్గరికి వెళ్లేదాన్ని. రెండడుగులు వేసేసరికి ఆయన ఒళ్లంతా వణికేది. గొంతులోంచి మాట రాక ఏదో అరుపు వచ్చేది. ఒకసారి లేవబోయి మంచం మీంచి జారి కిందపడ్డాడు. కంచం విసిరికొట్టి వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. ఆయా లోపలికి వెళ్లి ఆయనను లేపి కూర్చోబెట్టి అన్నం తినిపించింది. ఆవిడ చేత్తో బుద్ధిగా తిన్నాడు. చెంబుతో నీళ్లు కూడా తాగాడు.

"మనసులో పెట్టుకోమాకమ్మా, చిన్నపిల్లోడితో సమానం ఇప్పుడు" అంది ఆయా.

పెట్టుకోకుండా ఎట్లా ఉంటుంది? ఆ రోజు గోడకి చెప్పడం నయం అన్న మాట ఆయనకు గుర్తుందనీ, అన్నీ మరిచిపోయినా అదొక్కటి మరవలేదనీ అనుకున్నాను. ఆ ఒక్క వేలు 'ఒక్క మాట అన్నావు' అని చూపిస్తోందేమో అని కూడా అనుకున్నాను. ఒక్కసారి దగ్గరికి రానిస్తే చాలు, పక్కన కూర్చుని నా చేత్తో నాలుగు ముద్దలు పెడితే చాలు, ఇంకేమీ అడగనని మొక్కుకున్నాను.

అట్లాంటి రోజుల్లో బాబాయి వచ్చాడు. సొంత బాబాయి కాదు, క్వారీలో నాన్న పక్కనే కంప్రెసర్ నడిపిన మనిషి. ఇప్పటికీ రొంపిచెర్లలోనే ఉంటాడు. కర్ర పట్టుకుని బస్సు దిగి, దారి అడుక్కుంటూ వచ్చాడు. నాన్న ఆయన వంక చూసి, ఎవరో కొత్తవాళ్లకి పెట్టినట్టు దణ్ణం పెట్టాడు. బాబాయి ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. కాసేపటికి నాన్న చేతులు మళ్లీ ఆడటం మొదలుపెట్టాయి. బాబాయి వాటినే చూస్తూ ఉండిపోయాడు.

"ఈ పిచ్చి చేతలకే బాబాయ్, డాక్టర్ల చుట్టూ తిరుగుతున్నాం" అన్నాను.

"పిచ్చేంది అమ్మాయ్" అన్నాడు బాబాయి. "మీ నాన్న మాట్లాడతన్నాడు. కంప్రెసర్ ఆడేటప్పుడు క్వారీలో నోటితో ఎవడు మాట్లాడతాడు? అన్నీ చేతులే. వేలు ఇట్టా తిప్పితే మిషన్ వెయ్యమని. పిడికిలి నెత్తిన పెడితే మందు కూరటం అయిపోయిందని. పన్నెండు బెజ్జాలు నింపినామని చెప్తన్నాడు చూడు."

మాత్రలు వేసి నేను ఆపాలని చూసింది ఆయన మాటను. ముప్పై ఏళ్లు ఆ చేతులతో మాట్లాడిన మనిషికి ఇంట్లో ఆ భాష ఒక్కరికీ రాదు. క్వారీ సంగతులు ఇంటికి తేవద్దనేది అమ్మ. పిచ్చి అని ఎవరూ అనలేదు, కన్నబిడ్డను నేనే అన్నాను.

ఆగమనే చెయ్యి, ఒక్క వేలు ఎట్లా పెడతాడో చేసి చూపించాను. ఎవరికి పెడతన్నాడు అని అడిగాడు బాబాయి. నాకొక్కదానికే అన్నాను. ఆయన కర్ర పక్కన పెట్టి నా వంక తిరిగాడు.

"పన్నెండు ఒత్తులు అంటిస్తే పన్నెండు చప్పుళ్లు లెక్కబెట్టాలి. పదకొండే వినపడితే ఇంకోటి లోపల ఉన్నట్టు. అది పేలిందాకా గుంటలోకి ఎవురూ దిగకూడదు. ఆ వేలు అదే అమ్మాయ్. ఇంకా ఒకటి మిగిలుంది, రామాక అని."

నాకు గుర్తొచ్చింది. పదేళ్లప్పుడు, సెలవుల్లో నేను నాన్నకు స్టీలు క్యారేజీలో అన్నం తీసుకెళ్లేదాన్ని. క్వారీ ముందు కంకర గుట్ట ఉండేది, దాన్ని దాటకూడదని నాకు ఆజ్ఞ. ఒకరోజు చప్పుళ్లు ఆగిపోయాయి కదా అని గుట్ట దాటాను. దూరం నుంచి నాన్న చెయ్యి నిలబెట్టాడు, ఒక వేలు ఎత్తాడు. కాళ్లు కాలుతుంటే తిట్టుకుంటూ వెనక్కి వచ్చి నిలబడ్డాను. చాలాసేపటికి అది పేలింది. నేను నిలబడబోయిన చోటికి రాళ్లు వచ్చి పడ్డాయి.

"మరి మిగతా వాళ్లని ఎందుకు ఆపడు?"

"వాళ్లు క్వారీ మనుషులనుకుంటన్నాడేమో. మాకు దూరం తెలుసు. పిల్లకి తెలవదుగా. క్యారేజీ తెచ్చేది నువ్వేగా." బాబాయి కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. "నన్ను గుర్తుపట్టలా. నిన్ను గుర్తుపట్టాడు కాబట్టే ఆపుతన్నాడు."

క్వారీలో చివరి ఏళ్లలో నాన్నకు చప్పుళ్లు సరిగా వినపడకపోతే బాబాయే లెక్కబెట్టేవాడట. అన్నీ పేలాక రెండు చేతులూ తలపైకెత్తి దించేవాడట. ఆ సైగ బాబాయి చేస్తేనే నాన్న నమ్మేవాడు, ఇంకెవరు చేసినా నమ్మేవాడు కాదు. ఇప్పుడు బాబాయి లేచి, కర్ర లేకుండా నిలబడి, నాన్న ఎదురుగా రెండు చేతులూ తలపైకెత్తి దించాడు. మూడుసార్లు చేశాడు. నాన్న ఆ ముసలాయన్ను కొత్తగా చూసి, అడ్డంగా తలూపాడు. ఆయన ఎదురుచూస్తున్న బాబాయి నల్ల జుట్టుతో, నీలం లుంగీలో ఎక్కడో ఉన్నాడు. అసలు బాబాయి కర్ర అందుకుని మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు.

ఆ తర్వాత నేను చేసిన పని బాంబులకు పేరుపడ్డ మా ప్రాంతంలో పుట్టినవాళ్లు తప్ప ఎవరూ చెయ్యరు. ఆ ఒక్కటి పేలితే సరిపోతుంది కదా అనుకున్నాను. మర్నాడు పొద్దున పెట్టెలోంచి మిషన్ తీసి, బ్యాటరీ మార్చి, ఆయా చేత నాన్న చెవికి పెట్టించాను. మా ఆయన వద్దంటూనే దీపావళికి మిగిలిన బాంబుల్లో ఒకటి పెరట్లో కాల్చాడు. కిటికీ అద్దాలు అదిరాయి. నాన్న ఉలిక్కిపడి నిటారుగా కూర్చున్నాడు. వినపడింది. నేను గడప దగ్గర నిలబడి, దేవుడా ఇక పిలుస్తాడు అనుకున్నాను.

ఆయన చిటికెన వేలు ముడిచాడు. మిగతా వేళ్లు తెరిచి పెట్టుకుని, రెండో చప్పుడు కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాడు. మొదటిది పేలిందనుకున్నాడు. ఒక్కటి మిగిలిందనుకున్న మనిషికి పదకొండు మిగిల్చాను. మిగతావి కూడా కాలుద్దామా అన్నాడు మా ఆయన. అప్పటికే పక్కింటి వాళ్లు గోడ మీంచి తొంగిచూస్తున్నారు, నాన్న తెరిచిన వేళ్లు దించడం లేదు. వద్దని మిషన్ తీయించేశాను. ఆ పూట ఆయన ఆయాను కూడా దగ్గరికి రానివ్వలేదు, పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. మర్నాటికి మరిచిపోయి మళ్లీ ఒక్క వేలికి వచ్చాడు. ఆ వేలు చూసి హమ్మయ్య అనుకున్నాను.

ఇక ప్రయత్నాలు మానుకున్నాను. మధ్యాహ్నం బడి నుంచి వచ్చి, అన్నం స్టీలు క్యారేజీలో సర్ది, గడప దగ్గర కూర్చునేదాన్ని. ఆయన చెయ్యి ఎత్తేవాడు, వేలు చూపించేవాడు. నేను సరేనని తలూపేదాన్ని. ఆయా వచ్చి క్యారేజీ తీసుకెళ్లి తినిపించేది. తింటూ తింటూ మధ్యలో నేను గడప దాటలేదు కదా అని చూసుకునేవాడు. అన్నం పెట్టలేకపోతున్నానన్న బాధ ఉంది, కానీ ఆ చూపు కోసం రోజూ ఇంటికి పరుగెత్తుకొచ్చేదాన్ని. ఆయన ప్రపంచంలో పేరుపెట్టి పిలవగల మనుషులు ఎవరూ మిగల్లేదు. కాపాడుకోవాల్సిన పిల్ల మాత్రం ఒకతె మిగిలింది. ఆ పిల్ల నేనే.

ఎండాకాలం అట్లాగే గడిచింది. వానలు మొదలయ్యాక ఒకరోజు ఆయా జ్వరమొచ్చి రాలేదు. మా ఆయన ఊళ్లో లేడు. నేను బడికి సెలవు పెట్టి పప్పన్నం మెత్తగా కలిపి, క్యారేజీ పట్టుకుని గడప దగ్గరికి వెళ్లాను. ఎట్లా తినిపించాలా అని ఆలోచిస్తూ, చెయ్యి ఎత్తుతాడని ఎప్పటిలాగే ఆగాను.

నాన్న నా వంక చూశాడు. చేతులు ఒళ్లోనే ఉన్నాయి. కాసేపు నిలబడ్డాను, కనపడలేదేమోనని కాస్త పక్కకు జరిగి వెలుతురులో నిలబడ్డాను. ఒక అడుగు వేసి ఆగాను. ఇంకో అడుగు వేశాను. నీళ్ల క్యాను మనిషిని చూసినట్టు చూశాడు. మంచం దాకా నడిచి వెళ్లి పట్టె మీద కూర్చున్నాను. ఇన్ని నెలలు ఏ చోటు కోసం మొక్కుకున్నానో ఆ చోటులో కూర్చున్నాను, నా ప్రాణం అక్కడే పోతే బాగుండుననిపించింది.

క్యారేజీ కింద పెట్టి, ఆయన మొహం ముందు నా ఎడమ అరచెయ్యి నిలబెట్టాను. కుడిచేతి చూపుడువేలు పైకెత్తాను. ఇంకా ఒకటి మిగిలుంది నాన్నా, నన్ను ఆపు అన్నాను. వినపడదని తెలిసీ గట్టిగానే అన్నాను. ఆయన ఆ వేలిని కాసేపు చూశాడు. తర్వాత క్యారేజీ వంక చూసి నోరు తెరిచాడు.

ముద్ద పెట్టాను. నమిలి మింగి, ఇంకో ముద్ద కోసం మళ్లీ నోరు తెరిచాడు.